రాజు బుగ్గ మీద మూడు గీతలు

మంగళవారం ఉదయం 9:40.

గ్రేడింగ్ గదిలో టేబుల్ లైటు వెలుగుతూనే ఉంది. లైటు కింద నల్ల మఖమల్ గుడ్డ. గుడ్డ మీద ఒక వెండి నాణెం. నాణేనికి జానెడు దూరంలో నాణేలకు మార్కులు వేసే పెద్ద గ్రేడర్ తల.

నడినెత్తి చొట్టపడ్డ సత్తుగిన్నెలా లోపలికి పోయింది.

తలుపు తెరిచింది ఆయన భార్య. కేక వెయ్యలేదు. నెత్తురు నాణెం మీద పడిందేమోనని ముందు అటు చూసింది. పడలేదు. ఆ తర్వాతే మొగుడి మెడ పట్టుకుని చూసింది. ఈ మాట ఆవిడే పోలీసులకు చెప్పింది, పాలు పొంగిన సంగతి చెప్పినట్టు.

11:00కి జల్లెడ మెట్లెక్కింది.

జల్లెడ అసలు పేరు కాదు. ముప్పయ్యేళ్ల సర్వీసులో డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు. పొట్టు ఎగిరిపోయి గింజ మిగిలేదాకా ఆవిడ కేసు వదలదని పెట్టారు. రిటైరయ్యాక ఒక పెద్ద వేలం కంపెనీలో చేరింది. పాత నాణేలకు సర్టిఫికెట్లిచ్చే చిన్నాచితకా సంస్థల్ని పరీక్షించడం ఆవిడ పని. ఎవరు నిజంగా చూసి ఇస్తున్నారు, ఎవరు కళ్లు మూసుకుని ముద్ర గుద్దుతున్నారు, తేల్చాలి.

ఈ సంస్థ ఆ చితకాల్లో ఒకటి. కింద టైర్ల షాపు, పైన వీళ్లు. మెట్ల నిండా రబ్బరు వాసన. మనిషి నాణెం తెచ్చిస్తాడు. వీళ్లు దాన్ని భూతద్దం కింద పెట్టి చూసి, డెబ్బైకి ఎంతో మార్కు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేస్తారు. పేరున్న సంస్థల పెట్టెకు బజార్లో గౌరవం ఉంటుంది. వీళ్ల పెట్టెను మాత్రం పన్నెండేళ్లుగా డీలర్లు పగలగొట్టి, నాణేన్ని మళ్లీ తామే చూసుకుంటున్నారు. వేలం కంపెనీ ఒక్కసారి 'సరే' అంటే ఆ అవమానం తీరిపోతుంది.

ఆ 'సరే' పట్టుకుని జల్లెడ 11 గంటలకు వస్తుందని వాళ్లు ఎదురుచూస్తున్నారు. ఆవిడ వచ్చింది మాత్రం ఒక ప్రశ్న అడగడానికి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన నోరు మఖమల్ గుడ్డ మీద తెరుచుకుని ఉంది.

"మేడమ్, మీరా!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు ఆవిడ కింద పనిచేసినవాడే. "చచ్చిపోయినోడికి మార్కులెయ్యడానికి వచ్చారా?"

"నువ్వు ముందు ఆ సిగరెట్ పారెయ్యి. ఎన్నింటికి?"

"డాక్టరు ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర లోపంటున్నాడు. మనకి ఇంకా దగ్గరగా దొరికింది. ఇదిగో."

ప్లాస్టిక్ కవర్లో గ్రేడింగ్ చీటీ. పైన మెషీన్ కొట్టిన టైము, 9:10. కింద నాణెం నంబరు. ఆ కింద వ్యాఖ్య గడిలో పొందికైన చేతిరాత.

'రాజు బుగ్గ మీద మూడు సన్న గీతలు. కుడి అంచున తుడిచిన జాడ.'

మార్కు, 58. సంతకం.

"ఆయన రాతే. పాత ఫైళ్లతో పోల్చాం. అంటే 9:10కి బతికున్నాడు, పని చేస్తున్నాడు. 9:40కి పెళ్లాం వచ్చేసరికి అయిపోయాడు. మధ్యలో అరగంట."

"ఆయుధం?"

"ఆ మూలనున్న సీలింగ్ మెషీన్‌కి బిగించే ఇనప దిమ్మ. కడిగి మళ్లీ అక్కడే పెట్టాడు మహానుభావుడు. వాడు చేతులు కూడా శుభ్రంగా కడుక్కుని ఉంటాడు."

పక్క గదిలో ముగ్గురు కూర్చున్నారు. ఈ ముగ్గురూ, పోయినాయనా, అంతే సంస్థ.

మొదటివాడు తమ్ముడు. పోయినాయనకు సొంత తమ్ముడు. నాణేల్ని పెట్టెల్లో సీలు చేసి, అన్న చీటీ చూసి లేబుల్ కొట్టడం అతని పని.

"ఎన్నింటికి వెళ్లావు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"8:55కి. కొరియర్ ఆఫీసుకి. అక్కడ కెమెరా ఉంది, చూస్కోండి."

చూశారు. 9:02కి లోపలికి, 9:35కి బయటికి.

రెండో మనిషి భార్య. నలభై దాటిన మనిషి. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. కుడిచేతి కణుపుల మీద నెలవంకల్లాంటి పాత మచ్చలు. ఆయన మార్కు చెబుతుంటే పక్కన కూర్చుని చీటీ రాయడం ఆవిడ పని.

"ఈరోజు ఎందుకు ఆలస్యం?"

"మా అమ్మకి మందులిచ్చి వచ్చాను. ఆపరేషన్ అయింది కదా. బస్సు దిగేసరికి 9:30."

టైర్ల షాపువాడు సాక్ష్యం చెప్పాడు. ఆవిడ మెట్లెక్కింది 9:40కే.

మూడోవాడు మాస్టారు. బడిలో చరిత్ర చెప్పి రిటైరైన ముసలాయన. నాణెం రాగానే మొదట చూసి మార్కు వేసేది ఈయన. తర్వాత పెద్ద గ్రేడర్ విడిగా చూసి ఖాయం చేస్తాడు. ఒకరి మార్కు ఇంకొకరికి తెలియకూడదు, అది అక్కడి పద్ధతి.

"మీరు ఎక్కడున్నారు?"

"ఈ కుర్చీలోనే బాబూ. ఎనిమిదిన్నర నుంచీ."

"ఏమీ వినలేదా?"

"కింద టైర్లకి గాలి కొడుతుంటే నా దగ్గు నాకే వినిపించదు."

"నిన్న ఆయన మిమ్మల్ని అందరి ముందూ ఏమన్నాడు?"

మాస్టారు తల దించుకున్నాడు. తమ్ముడు అందుకున్నాడు.

"'పాడె ఎక్కే వయసులో లెన్స్ ఎక్కడం ఎందుకు' అన్నాడు. నెలాఖరుకి మానెయ్యమన్నాడు."

ఇన్‌స్పెక్టర్ జల్లెడ వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. ఇంకేం కావాలి అన్నట్టు. మధ్యాహ్నానికి మాస్టారు లాకప్‌లో ఉన్నాడు.

ఆయన్ని మెట్లు దింపుతుంటే భార్య గుమ్మంలో నిలబడి చూసింది. 

* * *

నాలుగు రోజులు గడిచాయి. శనివారం.

కస్టడీ గడువు తీరిపోతోంది. మధ్యాహ్నం 3:00కి మాస్టార్ని మళ్లీ కోర్టులో పెట్టి, అట్నుంచటే జైలుకి పంపిస్తారు. అదే రోజు సాయంత్రానికి జల్లెడ కూడా రిపోర్టు ఇవ్వాలి. ఈ సంస్థని ఒప్పుకోవాలా, వద్దా?

ఆవిడ ముందున్న చిక్కు ఇదీ. రెండు నెలల కిందట మారుపేరుతో పన్నెండు నాణేలు ఇక్కడికి పంపింది. వాటి అసలు మార్కులు కంపెనీ నిపుణులు ముందే వేసి పెట్టుకున్నారు. తిరిగొచ్చిన పన్నెండు పెట్టెల్లో ఒక్కటంటే ఒక్క మార్కు తప్పలేదు. పేరున్న సంస్థలు కూడా అంత కచ్చితంగా చూడవు.

పెట్టెలు పగలగొట్టి అవే నాణేల్ని పోయిన నెలలో మళ్లీ పంపింది, ఇంకో పేరుతో. ఈసారి వచ్చినవి చూస్తే దిమ్మతిరిగింది. యాసిడ్‌తో కడిగిన నాణేనికి 66. అద్దంలా మెరిసే నాణేనికి 61. చీకట్లో చేత్తో తడిమి వేసినట్టున్నాయి.

ఒకే మనిషి. ఒకే కుర్చీ. ఒకే లైటు. మంగళవారం ఆవిడ అడగబోయిన ప్రశ్న అదే.

9:00కి జల్లెడ లాకప్ దగ్గరికి వెళ్లింది. మాస్టారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కింది పెదవి వాచి, మాట పక్కనుంచి వస్తోంది. కళ్లజోడు లేదు.

"ఎవరు కొట్టారు?"

"వరసగా వచ్చారమ్మా. హాజరు పట్టీ రాసుకోలేదు."

"ఒప్పుకోమన్నారా?"

"ఒప్పుకుంటే కళ్లజోడు ఇస్తామన్నారు. చూడ్డానికి ఇక్కడ ఏముంది, ఉంచుకోండన్నాను."

జల్లెడ ఊచల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"పోయినాయన నాణెం ఎలా చూసేవాడు?"

"ఆయన చూస్తుంటే నేనెప్పుడు చూశాను? రెండేళ్లుగా నాణేలు చూసే వేళ ఆ గదిలోకి ఎవరినీ రానివ్వడు. ఆయనా, భార్యా, అంతే. తలుపు గడియ."

"మీతో మాట్లాడేటప్పుడు?"

మాస్టారు ఆలోచించాడు. "మొహంలోకి చూసేవాడు కాదు. నా చెవితో మాట్లాడుతున్నట్టు పక్కకి చూసేవాడు. పొగరనుకున్నాను."

"ఆవిడ సంగతేంటి?"

ఆ వాచిన మొహంలో నవ్వు లాంటిది కదిలింది. "బంగారం లాంటి పిల్ల. చీటీలు రాస్తూ కూర్చుంటే జాలేసి, లెన్స్ పట్టడం నేనే నేర్పాను. ఏడాది తిరక్కుండా నాకు కనపడని గీతలు నాకే చూపించేది. ఆయనకి తెలిస్తే తంతాడని దాచుకునేవాళ్లం."

జల్లెడ లేచింది. ఆవిడ తండ్రి సంతలో ఎద్దుల బేరగాడు. పళ్లు చూసి వయసు చెప్పేవాడు. ఒక ఏడాది ఆయన కళ్లకు పొర కమ్మింది. ఎద్దు నోరు ఆయన తెరిచి పట్టుకుంటే, వెనకనుంచి పళ్లు చూసి ఆయన వీపు మీద వేలితో లెక్క గీసింది ఎవరో ఆవిడకు బాగా గుర్తు. అప్పుడు తనకి పదకొండేళ్లు.

10:30కి ఆవిడ సంస్థ ఫైళ్లు ముందేసుకుంది. రెండేళ్ల చీటీలు. అన్నీ భార్య రాతలో, కింద ఆయన సంతకంతో. ప్రతి చీటీలోనూ వ్యాఖ్య గడి నిండుగా ఉంది. ఎక్కడ గీత, ఎక్కడ నొక్కు, ఎక్కడ మరక.

పోయిన నెలలో పది రోజులు మాత్రం రాత మారింది. తల్లి ఆపరేషన్ కోసం భార్య సెలవు పెట్టిన రోజులవి. చీటీలు ఆయనే రాసుకున్నాడు. పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి పోతున్నాయి.

జల్లెడ రెండోసారి పంపిన పన్నెండు నాణేలూ ఆ పది రోజుల్లోనే ఉన్నాయి.

ఆవిడ వ్యాఖ్య గడులు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లింది. చివరిదాకా చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, ఫోన్ అందుకుంది. ఊళ్లో కంటి డాక్టర్లు ఎనిమిదిమంది. అయిదోవాడి దగ్గర కావలసింది దొరికింది.

అప్పుడు 11:20.

* * *

12:00.

గ్రేడింగ్ గది. తమ్ముడు కిటికీ దగ్గర. భార్య తన పాత స్టూలు మీద. మాస్టార్ని సంకెళ్లతోనే తెచ్చి కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టర్ తలుపుకు ఆనుకుని టైము చూసుకుంటున్నాడు.

"మేడమ్, 3:00కి కోర్టు."

"నోరు మూసుకుని విను. నీకే మేలు." జల్లెడ తమ్ముడి వైపు తిరిగింది. "మీ అన్న చీటీ నువ్వే చదివి లేబుల్ కొట్టేవాడివి కదా. లేబుల్ మీద ఏమేం ఉంటాయి?"

"నంబరు, మార్కు."

"వ్యాఖ్య?"

"అది లేబుల్ మీద రాదు. నేను చూడను."

"చూసుంటే బతికిపోయేవాడివి."

తమ్ముడి మొహం మారలేదు. మెడ దగ్గర నరం ఒక్కటి లేచింది.

జల్లెడ ఆ పది రోజుల చీటీలు బల్ల మీద పరిచింది. డెబ్బై నాలుగు.

"మీ అన్న తనంతట తాను రాసిన చీటీలు ఇవి. నేను మారుపేర్లతో రెండుసార్లు పంపిన పన్నెండు నాణేలకి, రెండోసారి మార్కులు పడింది వీటిలోనే. ఇన్‌స్పెక్టర్, వ్యాఖ్య గడి చదివి వినిపించు."

ఇన్‌స్పెక్టర్ వంగాడు. ఒకటి చూశాడు. పది చూశాడు. "ఖాళీ మేడమ్. అన్నీ ఖాళీయే."

"డెబ్బై నాలుగు నాణేల మీద ఒక్క గీత కూడా కనపడని మనిషికి, మంగళవారం పొద్దున ఉన్నట్టుండి రాజు బుగ్గ మీద మూడు సన్న గీతలు కనిపించాయట. చేతిరాత సరిపోయిందని మీరంతా సంబరపడ్డారు. ఏం రాశాడో ఒక్కడూ చూడలేదు."

"అంటే?"

"ఆయనకి చూపు లేదయ్యా. కంటి మధ్యలో చూపు పోయింది. రెండేళ్లయింది. నడుస్తాడు, తింటాడు, గ్లాసు అందుకుంటాడు. చుట్టుపక్కలంతా కనిపిస్తుంది. సూటిగా చూసినదే కనిపించదు. డాక్టరు ఇందాక ఫోన్‌లో చెప్పాడు. ఇక బాగుపడదని చెబితే చెంప మీద కొట్టి వెళ్లాడట."

 కింద టైరులోకి గాలి కొడుతున్నారు.

"ఇక లెక్క తేలిక. ఈ చీటీ దొంగది. చూపు లేదని తెలిసినవాళ్లు దీన్ని ఇలా రాయరు. తెలిసింది భార్యకి. తెలియంది ఇద్దరికి. అందులో మాస్టారు పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నాడు. 9:10కి ఆయన బతికున్నాడని చూపిస్తే మాస్టారి మెడకే ఉచ్చు. తన ఉరి తనే పేనుకుంటాడా? 9:10 పనికొచ్చేది 8:55కి బయటికెళ్లినవాడికి. ఆ టైము కొట్టే మెషీన్‌కి పక్కన మర ఉంది. ముందుకు తిప్పి, చీటీ గుద్ది, మళ్లీ వెనక్కి తిప్పడం అర నిమిషం పని. పదేళ్లు చూసిన అన్న పాత రాత దించడం రెండు నిమిషాలు. లెన్స్ తీసుకుని నాణెం కూడా నిజంగానే చూశాడు. అన్న చూసినట్టే ఉండాలని, ఒళ్లు దగ్గర పెట్టుకుని మరీ రాశాడు."

తమ్ముడు ఆవిడ చెప్పింది సగమే విన్నట్టున్నాడు.

"చూపు లేదా?" అన్నాడు.

కిటికీ వదిలి ముందుకొచ్చాడు.

"వదినా. అన్నయ్యకి చూపు లేదా?"

భార్య గోడ వైపు చూస్తూ తల ఊపింది.

తమ్ముడు నవ్వాడు. నవ్వుతుంటే ఊపిరి అందలేదు. "లేబుల్ వెంట్రుకవాసి వంకరుంటే 'గుడ్డి వెధవా' అనేవాడు. వచ్చినోళ్ల ముందు, పోయినోళ్ల ముందు. మంగళవారం కూడా అదే మాట. 'కంపెనీ ఒప్పుకోగానే ఈ బోర్డు మీద నా పేరొక్కటే ఉంటుంది. నీది డబ్బా మూసే పని, నువ్వు కాకపోతే ఇంకొకడు మూస్తాడు' అన్నాడు. నా మొహం కూడా చూడలేదు. నా చెవి వైపు చూస్తూ చెప్పాడు. ఎంత చులకన నేనంటే, అనుకున్నా..."

"దిమ్మ తీశావు."

"తీశాను. ఎదురుగుండానే తీశాను. కదల్లేదు. దమ్ముంటే కొట్టరా అంటున్నాడనుకున్నా." అతని నవ్వు ఆగిపోయింది. "వాడికి కనపడనేలేదా?"

ఇన్‌స్పెక్టర్ మాస్టారి చేతుల సంకెళ్లు విప్పి తమ్ముడికి వేశాడు.  ఇద్దరు కానిస్టేబుళ్లు అతన్ని కిందికి తీసుకెళ్లారు.

మాస్టారు మణికట్లు రుద్దుకుంటూ స్టూలు వైపు తిరిగాడు.

"అమ్మాయ్. ఆ చీటీ నువ్వు ఎప్పుడు చూశావు?"

"మంగళవారమే మాస్టారూ. తలుపు తియ్యగానే."

"చూడగానే తెలిసిందా?"

"తెలిసింది."

"ఎవరు రాశారో కూడా?"

"అదీ తెలిసింది."

"నాలుగు రోజులమ్మా." ముసలాయన చేతులు ఆగాయి. "నన్ను తీసుకెళ్తుంటే గుమ్మంలో నిలబడ్డావు."

ఆవిడ చేతులు ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టింది. కణుపుల మీద నెలవంకలు లైటులో తెల్లగా కనిపించాయి.

"నేను గీత చెప్పడం ఆలస్యమైతే లెన్స్ అంచుతో ఇక్కడ కొట్టేవాడు. రెండేళ్లు ఆయన సంతకం కింద నా చూపు పెట్టాను. చీటీ దొంగదంటే, ఆయన గుడ్డోడని చెప్పాలి. చెబితే రెండేళ్లలో మేం మూసిన ప్రతి డబ్బా చెత్తబుట్టకే. నోరు మూసుకుంటే కంపెనీ ఒప్పుకుంటుంది. ఈ కుర్చీలో నేను కూర్చుంటాను. నా పేరుతో." ఆవిడ మాస్టారి మొహంలోకి సూటిగా చూసింది. "మీకు డెబ్బై నాలుగేళ్లు మాస్టారూ. నాకింకా బోలెడంత బతుకుంది."

మాస్టారు నోరు తెరిచాడు.  వాచిన పెదవి చిట్లి, గడ్డం మీదికి ఎర్రటి చార జారింది. గోడ పట్టుకుని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగిపోయాడు.

భార్య అటు చూడలేదు. జల్లెడ వైపు తిరిగింది.

"మేడమ్, మొదటిసారి పంపిన పన్నెండూ నేను చూసినవే. తప్పాయా?"

"లేదు. ఒక్కటీ తప్పలేదు."

"పెద్ద సంస్థలో ఎవరైనా అలా చూస్తారా?"

"నేను ఇంతవరకూ చూడలేదు."

"మరి?"

జల్లెడ ఫైలు తెరిచి, పెన్ను తీసింది. ఆ ఫారంలో చివర రెండు గడులుంటాయి. 'చూపు' అన్న గడిలో డెబ్బై వేసింది. ఉద్యోగంలో చేరాక ఎవరికీ వేయని మార్కు. రెండో గడి దగ్గర పెన్ను ఆగింది. 'నమ్మకం.' పెదవి చిట్లిన ఆ ముసలాయన చెప్పులు ఇంకా బల్ల కింద పడి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసింది. రెండే అక్షరాలు రాసింది.

లేదు.

"రామ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తెలిసి దాచినందుకు నువ్వూ స్టేషన్‌కి రావాలి."

ఆవిడ లేచి, టేబుల్ లైటు ఆర్పి, చీర కొంగు సర్దుకుని నడిచింది. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. ఆరడుగుల దూరం. కాగితం అటువైపు తలకిందులుగా ఉంది.

చదివేసింది. కళ్లలో ఏ మార్పూ లేదు. రెప్ప కూడా పడలేదు.

"రెండో గడిలో సిరా ఇంకా ఆరలేదు మేడమ్," అంది. "ఇప్పుడే ఫైలు మూసేస్తే అవతలి పేజీకి అంటుకుంటుంది."

జల్లెడ ఫైలు మూసేసింది.